తక్కువ వెలుతురులో దూరం ఫొటోలు: టెలీఫొటో జూమ్ లెన్స్ ఎంచుకుని కొనడం ఎలా?

స్టేజీ మీద డాన్స్, ఇండోర్ కోర్టులో ఆట, పొద్దుగూకాక మైదానంలో మ్యాచ్, డిమ్ లైట్ల హాల్లో ఫంక్షన్. ఎక్కడైనా ఇబ్బంది ఒకటే: మనిషి దూరంగా ఉంటారు, ఒక్కచోట నిలవరు, వెలుతురు చాలదు. ఈ మూడూ కలిసిన చోట కెమెరాతో వచ్చిన కిట్ జూమ్ చేతులెత్తేస్తుంది. ఎవర్ని అడిగినా "70-200 ఎఫ్/2.8 కొనేయ్" అంటారు, అంటే 70 నుంచి 200 ఎంఎం దాకా జూమ్ అవుతూ వెలుతురు ఎక్కువ రానిచ్చే లెన్స్. ఆ సలహా చాలాసార్లు సరైనదే. కానీ అది మీకు సరిపోతుందా లేదా అన్నది ఓ అరగంట కూర్చుని లెక్క వేసుకుంటే తప్ప తెలీదు. ఇవి బరువైన, ఖరీదైన వస్తువులు, మన అవసరానికి కుదరనిది కొంటే బీరువాలోంచి బయటికి రాదు. అందుకని లెన్స్ పేరుతో మొదలుపెట్టకండి, మీ ఫొటోల్లో వెలుతురు ఎంత తక్కువపడిందో అక్కడి నుంచి మొదలుపెట్టండి.

1. ముందు మీ పాత ఫొటోలు తెరవండి

చివరిసారి తక్కువ వెలుతురులో తీసిన ఫొటోలను కంప్యూటర్లో పెద్దగా చేసి చూడండి. ప్రతి ఫొటోతోపాటు ఫోకల్ లెంగ్త్ (ఎంత జూమ్ చేశారో చెప్పే ఎంఎం సంఖ్య), అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ సంఖ్య చిన్నదైతే రంధ్రం పెద్దది), షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) నమోదై ఉంటాయి. బాగా రానివాటిని ఏరి, ఎందుకు పాడయ్యాయో చూడండి. ఫ్రేములో ఉన్నవన్నీ, కదలని స్తంభం కూడా ఒకే దిక్కుకు చెరిగిపోయి ఉంటే అది చెయ్యి వణకడం. స్తంభం, తెర శుభ్రంగా ఉండి డాన్సర్ చేతులు మాత్రమే చెరిగితే అది మనిషి కదలిక. మనిషి మసగ్గా ఉండి వెనకాల కర్టెన్ మడతలు పదునుగా కనిపిస్తుంటే అది ఫోకస్ తప్పడం.

ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. వణుకుడికి స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) ఉన్న లెన్స్ లేదా ఒక మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) చాలు. కదలికకు మాత్రం పెద్ద అపర్చర్ కావాలి, లేదా ఐఎస్ఓ పెంచాలి, మూడో దారి లేదు. ఫోకస్ తప్పుతుంటే లోపం లెన్స్ మోటార్లో ఉండొచ్చు, కెమెరాలో ఉండొచ్చు, మీరు పెట్టుకున్న ఫోకస్ మోడ్‌లోనూ ఉండొచ్చు.

ఇంకో చిన్న విషయం కూడా చూడండి. చాలామంది ఆటో ఐఎస్ఓ గరిష్ఠ పరిమితిని 1600 దగ్గరే ఆపేసి ఉంచుతారు, నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు) వస్తుందని భయం. ఈమధ్య కెమెరాల్లో 6400 దాకా నిశ్చింతగా వెళ్లొచ్చు, ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ కెమెరా) అయితే 12800 కూడా వాడుకోదగ్గదే. నాయిస్‌ను సాఫ్ట్‌వేర్ చాలావరకు శుభ్రం చేస్తుంది, కదలికతో చెరిగిన ముఖాన్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా తిరిగి తేలేదు. కాబట్టి ఆ పరిమితి పెంచి మరోసారి తీసి చూడండి. సమస్య అక్కడే తీరిపోతే డబ్బు మిగిలినట్టే.

2. ఎన్ని స్టాపుల లోటు ఉందో లెక్కగట్టండి

మైకు ముందు నిలబడి మాట్లాడేవాళ్లకు సెకనులో 125వ వంతు (1/125) సరిపోతుంది. నడిచేవాళ్లకు 1/250. డాన్స్‌కు 1/500 పెట్టుకుంటే నిశ్చింత, నెమ్మదైన అభినయం అయితే 1/250 కూడా నడుస్తుంది. బాస్కెట్‌బాల్, వాలీబాల్‌కు 1/500 నుంచి 1/1000. బ్యాడ్మింటన్ స్మాష్ లాంటివాటికి 1/1000 కన్నా తగ్గితే రాకెట్ కనిపించదు, గీత కనిపిస్తుంది.

ఇప్పుడు అపర్చర్ వరస గుర్తుపెట్టుకోండి: ఎఫ్/2, 2.8, 4, 5.6, 8. ఒక్కో మెట్టు ఒక స్టాప్, ఎడమవైపుకు ఒక మెట్టు జరిగితే వెలుతురు రెట్టింపు. ఎఫ్/5.6 నుంచి ఎఫ్/2.8కు వస్తే రెండు స్టాపులు, అంటే నాలుగు రెట్లు. పెద్ద జూముల మీద కనిపించే ఎఫ్/6.3 అయితే ఎఫ్/5.6 కన్నా ఇంకో మూడోవంతు స్టాప్ కింద.

ఉదాహరణకు మీ కిట్ జూమ్ 200 ఎంఎం దగ్గర ఎఫ్/5.6 అనుకుందాం. ఇండోర్ కోర్టులో ఐఎస్ఓ 6400 పెడితే 1/200 దగ్గర ఎక్స్‌పోజర్ సరిగ్గా వచ్చింది, ఆటగాళ్లు మాత్రం చెరిగిపోయారు. మీకు 1/800 కావాలి. 200 నుంచి 400 ఒక స్టాప్, 400 నుంచి 800 ఇంకొకటి. మొత్తం లోటు రెండు స్టాపులు, ఎఫ్/2.8 లెన్స్ సరిగ్గా ఆ రెండూ ఇస్తుంది.

కానీ ఇక్కడే చాలామంది నిరాశపడేది. ఆ రెండు స్టాపుల్నీ షట్టర్‌కు ఖర్చుపెట్టేశారు కాబట్టి ఐఎస్ఓ 6400 దగ్గరే ఉంటుంది. అదే రెండు స్టాపులతో కదలికనూ ఆపి, ఐఎస్ఓను 1600కీ దించడం కుదరదు, ఏదో ఒకటే. "ఇంత ఖరీదైన లెన్స్ కొన్నా ఇంకా నాయిస్ వస్తోందేంటి" అని అడిగేవాళ్ల లెక్క తప్పింది సాధారణంగా ఇక్కడే. మీ లోటు మూడు నాలుగు స్టాపులుంటే జూమ్ ఒక్కటే దాన్ని పూడ్చలేదు, ఐఎస్ఓ పెంచడానికి కూడా సిద్ధపడాలి, లేదా ఎఫ్/1.8 ప్రైమ్ లెన్స్ (జూమ్ అవ్వని, ఒకే ఫోకల్ లెంగ్త్ ఉన్నది) వైపు చూడాలి.

3. దూరం కొలవండి, ఎంత జూమ్ కావాలో అదే చెబుతుంది

దీనికి ఓ తేలికైన లెక్క ఉంది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36 ఎంఎం పొడవు, 24 ఎంఎం వెడల్పు. సెన్సర్ కొలతను దూరంతో గుణించి, ఫ్రేములో ఎంత మేర పట్టాలో దాంతో భాగిస్తే కావాల్సిన ఫోకల్ లెంగ్త్ వస్తుంది. కెమెరాను నిలువుగా పట్టుకుని, 15 మీటర్ల దూరంలో ఉన్న మనిషిని కాళ్ల నుంచి తల దాకా, పైనా కిందా కాస్త జాగా వదిలి తీయాలంటే ఫ్రేములో 2.4 మీటర్లు పట్టాలి. 36ను 15తో గుణించి 2.4తో భాగిస్తే 225 ఎంఎం. అంటే 200 దాదాపు చాలు. అదే దూరం నుంచి నడుము పైభాగం మాత్రమే, ఓ 1.2 మీటర్ల మేర కావాలంటే 450 ఎంఎం. ఇక 200 చాలదు.

ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్ ఉండే ఏపీఎస్-సి కెమెరా అయితే ఈ సంఖ్యను 1.5తో (కెనాన్ అయితే 1.6తో) భాగించండి, ఇంకా చిన్న సెన్సర్ ఉండే మైక్రో ఫోర్ థర్డ్స్ అయితే 2తో. ఆ 450 కాస్తా ఏపీఎస్-సిలో 300 అవుతుంది. 70-200 లెన్స్ ఏపీఎస్-సి బాడీ మీద 105-300 చూపు ఇస్తుంది. ఇది ఉత్తినే వచ్చిన లాభం కాదు. చిన్న సెన్సర్ మీద పడే మొత్తం వెలుతురు తక్కువ కాబట్టి అదే ఐఎస్ఓ దగ్గర నాయిస్ ఎక్కువ కనిపిస్తుంది. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో ఎఫ్/2.8 లెన్స్ ఎక్స్‌పోజర్ విషయంలో ఎఫ్/2.8లాగే పనిచేస్తుంది, కానీ అదే ఫ్రేమింగులో నాయిస్ మాత్రం ఫుల్‌ఫ్రేమ్ మీద ఎఫ్/5.6తో తీసినంత ఉంటుంది. బరువు తగ్గడం, చీకట్లో పని జరగడం, ఈ రెండింట్లో మీకేది ముఖ్యమో తేల్చుకుని వ్యవస్థను ఎంచుకోండి.

ఇంకా తేలిక దారి ఏంటంటే, పాత ఫొటోల్లో ఎక్కువసార్లు వాడిన ఫోకల్ లెంగ్త్ ఏదో చూడండి. అన్నీ 200 దగ్గరే, అది కూడా క్రాప్ చేసి ఉంటే మీకు ఇంకా పొడుగు కావాలి. 85-135 మధ్యే తిరుగుతుంటే అసలు ప్రైమ్ లెన్సే చాలేమో ఆలోచించండి.

4. ఎఫ్/2.8 అంత పెద్దగా ఎందుకుంటుంది, ఎఫ్/4 చాలదా?

ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ సంఖ్యతో భాగిస్తే, ముందునుంచి చూసినప్పుడు కనిపించే అపర్చర్ వ్యాసం వస్తుంది. 200ను 2.8తో భాగిస్తే 71 ఎంఎం. 200 దగ్గర ఎఫ్/5.6 అయితే 36 ఎంఎం. 300 ఎఫ్/2.8కు 107 ఎంఎం. ఆ వ్యాసానికి తగ్గ గాజు ముందు ఉండాలి, దాన్ని మోసే గొట్టం ఉండాలి. ఎంత తెలివైన కంపెనీ అయినా దీన్ని తప్పించుకోలేదు, పిండి కొద్దీ రొట్టె. 150-600 ఎఫ్/6.3 జూములు చూడ్డానికి భారీగా ఉన్నా చీకట్లో పనికిరానిది అందుకే. వాటి పెద్ద గాజంతా దూరం కోసం ఖర్చయిపోయింది, వెలుతురు కోసం కాదు.

అపర్చర్ స్థిరంగా ఉండే జూమ్‌నే ఎంచుకోండి. "70-300 ఎఫ్/4-5.6" అని రాసి ఉంటే ఆ 4 అనేది 70 దగ్గర మాత్రమే. మీరు జూమ్ చేసేది దూరంగా ఉన్నవాళ్ల కోసం కదా, అక్కడికి వెళ్లేసరికి 5.6 అయిపోతుంది. పగలు మంచి వెలుతురులో ఈ లెన్సులకు వంకపెట్టక్కర్లేదు. రాత్రి పనికి మాత్రం కొనకండి.

ఎఫ్/4 స్థిరంగా ఉండే 70-200లు అసలు చర్చించాల్సినవి. బరువు తక్కువ, ధర తక్కువ, పదునులో చాలావరకు ఎఫ్/2.8తో సమానం. ఎఫ్/2.8 కన్నా ఒక స్టాప్ తక్కువ, అంతే. ఒక స్టాప్ నాయిస్ తేడాను ఇప్పటి ఏఐ డీనాయిస్ సాఫ్ట్‌వేర్ దాదాపు పూడ్చేస్తుంది, రా ఫైల్ (సెన్సర్ ఇచ్చిన అసలు డేటా) తీసినవాళ్లకు ముఖ్యంగా. అందువల్ల మీరు తీసేవి ప్రసంగాలు, సంగీత కచేరీలు, కూర్చుని చేసే కార్యక్రమాలు అయితే ఎఫ్/4 హాయిగా సరిపోతుందని నా అభిప్రాయం. ఇండోర్ ఆటలు, వేగమైన డాన్స్ అయితే మాత్రం ఎఫ్/2.8 కన్నా తగ్గొద్దు. అక్కడ ఎఫ్/2.8తోనే ఐఎస్ఓ 3200, 6400 దాటుతుంటుంది.

5. స్టెబిలైజేషన్ ఏం చేస్తుంది, ఏం చెయ్యదు

కెనాన్ ఐఎస్ అంటుంది, నికాన్ వీఆర్, సోనీ ఓఎస్ఎస్, టామ్రాన్ వీసీ, సిగ్మా ఓఎస్. అన్నీ ఒకే పని. 200 ఎంఎంతో చేత్తో పట్టుకుని తీయాలంటే పాత లెక్క ప్రకారం కనీసం 1/200 ఉండాలి. నాలుగు స్టాపుల స్టెబిలైజేషన్ ఉంటే 1/13 దాకా కూడా స్తంభం పదునుగా వస్తుంది. వస్తే ఏం లాభం, ఆ వేగానికి డాన్సర్ దెయ్యంలా కనిపిస్తుంది. కదిలే మనిషిని స్టెబిలైజేషన్ ఆపలేదు. బాక్స్ మీద "5 స్టాపులు" అని చూసి, అది ఎఫ్/2.8కు బదులు పనికొస్తుందని కొనేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

అలాగని అక్కర్లేదని కాదు. వ్యూఫైండర్లో చిత్రం ఊగకుండా ఉంటే ఫోకస్ పాయింట్‌ను ముఖం మీద నిలపడం తేలిక. మీ కెమెరా బాడీలోనే స్టెబిలైజేషన్ ఉంటే లెన్స్‌లో లేకపోయినా నడుస్తుంది. బాడీలో లేదు, లెన్స్‌లోనూ లేదు అంటే మోనోపాడ్ తప్పనిసరి.

6. ఫోకస్ గురించి

మసక వెలుతురులో ఆటోఫోకస్‌కు కూడా వెలుతురే తిండి. డీఎస్ఎల్ఆర్‌లో (లోపల అద్దం ఉండే కెమెరా) ఫోకస్ జరిగేటప్పుడు లెన్స్ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది కాబట్టి ఎఫ్/2.8 లెన్స్ పెడితే ఎఫ్/5.6 లెన్స్ కన్నా ఫోకస్ నమ్మకంగా పడుతుంది. కొన్ని బాడీల్లో మధ్యనున్న పాయింట్లు ఎఫ్/2.8 లెన్సుతోనే పూర్తి కచ్చితత్వంతో పనిచేసేలా తయారుచేశారు. మిర్రర్‌లెస్ కెమెరాల ప్రకటనల్లో "-6.5 ఈవీ దాకా ఫోకస్" లాంటి అంకెలు (ఎంత చీకట్లో ఫోకస్ పడుతుందో చెప్పేవి) కనిపిస్తాయి. కింద చిన్న అక్షరాలు చదవండి, కెనాన్ ఆర్6కు ఆ అంకె ఎఫ్/1.2 లెన్స్ తగిలించి కొలిచింది. ఎఫ్/5.6 జూమ్‌తో మీకు అంత రాదు.

మోటార్ రకం కూడా చూసుకోవాలి. పాత నికాన్ ఏఎఫ్-డి రకం లెన్సుల్లో మోటార్ ఉండదు, బాడీలోని స్క్రూ తిప్పాలి. అవి డి3000, డి5000 వరస బాడీల మీదగానీ, ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో జెడ్ బాడీల మీదగానీ ఆటోఫోకస్ చెయ్యవు. అదే ఏఎఫ్-ఎస్ అయితే రెండు చోట్లా పనిచేస్తాయి. చవగ్గా దొరికిందని 80-200 ఎఫ్/2.8 కొనే ముందు ఈ ఒక్క సంగతీ చూసుకోండి.

ఎఫ్/2.8 దగ్గర ఫోకస్ లోతు కూడా చాలా తక్కువ. ఫుల్‌ఫ్రేమ్ మీద 200 ఎంఎం, ఎఫ్/2.8తో 10 మీటర్ల దూరంలో దాదాపు 40 సెంటీమీటర్లు, 5 మీటర్లకు వస్తే 10 సెంటీమీటర్లు. ఇద్దరు డాన్సర్లు ముందూ వెనకా నిలబడితే ఒకరే పదునుగా వస్తారు. అది లెన్స్ లోపం కాదు.

7. ఇక పేర్లు

ఫుల్‌ఫ్రేమ్‌లో అందరూ వాడే కొలత 70-200 ఎఫ్/2.8. పదేళ్ల క్రితం దాకా ఇవన్నీ ఒకటిన్నర కిలోల దగ్గర ఉండేవి. సోనీ 2016లో తెచ్చిన జీఎం 1480 గ్రాములు, 2021లో వచ్చిన జీఎం 2 అయితే 1045 గ్రాములే. కెనాన్ ఆర్ఎఫ్ 70-200 ఎఫ్/2.8 (2019) 1070 గ్రాములు. ఇది జూమ్ చేస్తే ముందుకు సాగుతుంది, టెలీకన్వర్టర్ (లెన్స్ వెనక తగిలించి దూరం పెంచే గాజు గొట్టం) తీసుకోదు. కన్వర్టర్ కావాలనుకునేవాళ్లు 2024లో వచ్చిన కెనాన్‌దే జెడ్ రకం చూడాలి, దాని గొట్టం సాగదు కూడా. నికాన్ జెడ్ 70-200 ఎఫ్/2.8 (2020) కాస్త బరువైనదే, కాలర్ (ట్రైపాడ్‌కు బిగించే పట్టీ) లేకుండా 1360 గ్రాములు, కానీ పనితనంలో దానికి వంక పెట్టడం కష్టం.

టామ్రాన్ 70-180 ఎఫ్/2.8 సోనీ ఈ-మౌంట్ (E, సోనీ మిర్రర్‌లెస్ బాడీలకు లెన్స్ తగిలే అమరిక) వాడేవాళ్లకు గట్టి బేరం. 2020లో వచ్చిన మొదటిది 810 గ్రాములు, స్టెబిలైజేషన్ లేదు. 2023లో వచ్చిన జీ2లో వీసీ పెట్టారు, బరువు 855 గ్రాములు. చివర్లో ఆ 20 ఎంఎం తగ్గడం ఫొటోల్లో ఎవరికీ కనిపించదు, భుజానికి మాత్రం తేడా తెలుస్తుంది. సిగ్మా 70-200 ఎఫ్/2.8 డీజీ డీఎన్ (2023) సోనీ ఈ-మౌంట్‌కూ ఎల్-మౌంట్‌కూ దొరుకుతుంది. సోనీ బాడీలతో ఇతర కంపెనీల లెన్సులకు ఒక పరిమితి ఉంది: బరస్ట్ వేగం సెకనుకు 15 ఫ్రేములు దాటదు. ఏ9, ఏ1 లాంటి బాడీలతో ఆటలు తీసేవాళ్లకే అది లెక్క, మిగతావాళ్లు పట్టించుకోనక్కర్లేదు.

టామ్రాన్ 35-150 ఎఫ్/2-2.8 గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఫంక్షన్లు తీసేవాళ్లు లెన్స్ మార్చే పని లేకుండా హాలంతా, ముఖాలూ రెండూ తీసేయొచ్చు. బరువు 1165 గ్రాములు. స్టేజీకి దగ్గరగా నిలబడే వీలుంటే 70-200 కన్నా ఇదే నయం.

ఏపీఎస్-సి వాడేవాళ్లకు ఫ్యూజీఫిల్మ్ 50-140 ఎఫ్/2.8 ఉంది, బరువు కిలోకు అటూ ఇటూ. డీఎస్ఎల్ఆర్‌లకు సిగ్మా 50-100 ఎఫ్/1.8 (2016) అరుదైన వస్తువు. జూమ్‌లో ఎఫ్/1.8 అంటే ఎఫ్/2.8 కన్నా స్టాపు పైన, కానీ స్టెబిలైజేషన్ లేదు, బరువు ఒకటిన్నర కిలో, 100 దగ్గర ఆగిపోతుంది. చిన్న హాల్లో స్టేజీ ముందు వరసలో కూర్చునేవాళ్లకు బాగా పనికొస్తుంది. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో ఒలింపస్ 40-150 ఎఫ్/2.8, కాలర్ లేకుండా 760 గ్రాములు, 80-300 చూపు.

ఇక సెకండ్‌హ్యాండ్ సంగతి. నా మటుకు బేరం అంటే ఇదే: ఒక తరం పాతదైన ఎఫ్/2.8. కెనాన్ ఈఎఫ్ 70-200 ఎఫ్/2.8 ఐఎస్ 2 (2010), ఐఎస్ 3 (2018) రెండింట్లోనూ గాజు అమరిక ఒకటే, మూడోదాంట్లో మారింది ముఖ్యంగా కోటింగులు. కాబట్టి మంచి స్థితిలో ఉన్న రెండోది దొరికితే మూడోదానికి ఎక్కువ పెట్టక్కర్లేదు. అడాప్టర్‌తో ఆర్ఎఫ్ (కెనాన్ మిర్రర్‌లెస్) బాడీ మీద ఇవి హాయిగా పనిచేస్తాయి, అడాప్టర్లో గాజు లేదు కాబట్టి నాణ్యత తగ్గదు. 2001 నాటి మొదటి ఐఎస్ మాత్రం ఇప్పుడు కొనకండి, పాతబడ్డ స్టెబిలైజర్ చెడితే విడిభాగాలు దొరకడం కష్టం.

ఒకేచోట నిలబడి తీస్తారా? అయితే జూమ్ అవసరం నిజంగా ఉందా అని ఒక్కసారి ఆలోచించండి. 85 ఎఫ్/1.8 ప్రైమ్‌లు చిన్నవి, చవక, ఎఫ్/2.8 జూమ్ కన్నా స్టాపుకు పైగా వెలుతురు ఎక్కువిస్తాయి. 135 ఎఫ్/1.8 అయితే స్టేజీ ఫొటోలకు ఇంకా బాగుంటుంది. ఏపీఎస్-సి మీద 85 పెడితే దాదాపు 130 చూపు.

టెలీకన్వర్టర్‌ను ఈ పనికి లెక్కలోకి తీసుకోకండి. 1.4 రెట్లది ఒక స్టాప్ తినేస్తుంది, 2 రెట్లది రెండు. ఎఫ్/2.8 కొని దాన్ని ఎఫ్/5.6 చేసుకున్నట్టవుతుంది.

8. కొనే ముందు అద్దెకు తీసుకోండి

కెమెరా సామాను అద్దెకిచ్చేవాళ్లు దొరికితే, మీరు నిజంగా తీయబోయే కార్యక్రమానికే ఆ లెన్స్ తీసుకెళ్లండి, ఇంట్లో బాల్కనీ నుంచి పరీక్షించడం కాదు. మూడు గంటలు చేతిలో ఉన్నాక మణికట్టు ఏమంటుందో, మీ బ్యాగులో పడుతుందో లేదో, ఆ ఫోకల్ లెంగ్త్ సరిపోయిందో లేదో అప్పుడే తెలుస్తుంది. ఇంటికొచ్చాక మళ్లీ ఫొటోల వివరాలు చూడండి, ఎక్కువ ఫొటోలు ఎఫ్/4 దగ్గరే తీసి ఉంటే మీకు జవాబు దొరికింది.

9. సెకండ్‌హ్యాండ్ కొంటుంటే ఇవి చూడండి

మీ కెమెరా, ఒక టార్చి, ఖాళీ మెమరీ కార్డు వెంట తీసుకెళ్లండి. లెన్స్‌ను కెమెరా నుంచి విడదీసి, వెనక నుంచి టార్చి ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి. నాలుగు దుమ్ము రేణువులు కనిపిస్తే కంగారుపడకండి, పాత లెన్సుల్లో అవి మామూలే, ఫొటోలో కనబడవు. సాలెగూడులా పాకిన దారాలు కనిపిస్తే ఫంగస్, వదిలేయండి. పొగమంచులా పల్చటి తెర కనిపిస్తే హేజ్. పగటి ఫొటోల్లో అది అంతగా తెలియకపోవచ్చు, కానీ మనం తీసేది నల్లటి నేపథ్యంలో ఎదురుగా వెలిగే స్టేజీ లైట్లు కదా, కాంట్రాస్ట్ అంతా కొట్టుకుపోతుంది. రాత్రి పనికి హేజ్ ఉన్న లెన్స్ ఎంత చవకైనా దండగే. ముందు గాజు మీద సన్న గీత కన్నా వెనక గాజు మీద గీత ఎక్కువ నష్టం.

తర్వాత కెమెరాకు తగిలించి ఎఫ్/16 పెట్టి డెప్త్ ఆఫ్ ఫీల్డ్ బటన్ నొక్కండి. అపర్చర్ రెక్కలు చటుక్కున మూసుకోవాలి, వాటి మీద నూనె మెరుపు ఉండకూడదు. జూమ్ రింగు ఒక చివర నుంచి ఇంకో చివరకు ఒకే బిగువుతో తిరగాలి, మధ్యలో పట్టేస్తే లోపల దెబ్బ తగిలి ఉండొచ్చు. ఫిల్టర్ అంచు వంగిందేమో, మౌంట్ స్క్రూల తలలు చెరిగి ఉన్నాయేమో చూడండి. చెరిగి ఉంటే ఎవరో విప్పినట్టే.

లెన్స్ ఊపితే లోపల టక్కుటక్కుమని చప్పుడొస్తే వెంటనే వద్దనకండి. కరెంటు లేనప్పుడు స్టెబిలైజేషన్ లేదా ఫోకస్ గాజులు వదులుగా కదిలే లెన్సులు చాలా ఉన్నాయి. కెమెరా ఆన్ చేశాక కూడా చప్పుడు ఆగకపోతే అనుమానించాలి. స్టెబిలైజేషన్ చూడటానికి 200 దగ్గర 1/25 పెట్టి ఓ పది ఫొటోలు ఆన్ చేసి, ఓ పది ఆఫ్ చేసి తీయండి. తేడా స్క్రీన్ మీదే కనిపించాలి.

అసలు పరీక్ష నాలుగు మూలలది. ఇటుక గోడలాంటి చదునైన దానికి ఎదురుగా కెమెరాను ట్రైపాడ్ మీద నిటారుగా పెట్టి, ఎఫ్/2.8 దగ్గరే 70, 135, 200 మూడింట్లోనూ తీయండి. మూలలు మధ్య భాగం కన్నా కాస్త మెత్తగా ఉండటం మామూలే, కానీ నాలుగూ ఒకేలా ఉండాలి. ఎడమ వైపు శుభ్రంగా ఉండి కుడి వైపు మసగ్గా ఉంటే లోపల ఒక గాజు పక్కకు జరిగిందన్నమాట, దీన్నే డీసెంటరింగ్ అంటారు. ఆ లెన్స్ తీసుకోవద్దు. చివరగా కంటిన్యువస్ ఫోకస్ పెట్టి, ఎవర్నైనా మీ వైపు వేగంగా నడిచి రమ్మని బరస్ట్ తీయండి. పదిలో ఏడెనిమిది కళ్లు పదునుగా ఉండాలి. డీఎస్ఎల్ఆర్‌లో అన్నీ ఒకే లెక్కన ముందుకో వెనక్కో తప్పితే అది మైక్రో అడ్జస్ట్‌మెంట్‌తో (మెనూలో ఫోకస్‌ను కాస్త ముందుకో వెనక్కో సర్దడం) సరిపోవచ్చు, ఆ సదుపాయం మీ బాడీలో ఉంటేనే.

అమ్మేవాళ్లు ఇవన్నీ చెయ్యనివ్వకుండా తొందరపెడితే లేచి వచ్చేయండి.

10. కొత్తది కొంటుంటే

అధీకృత విక్రేత దగ్గర కొన్నదేనా, వారంటీ మీ దేశంలో చెల్లుతుందా, బిల్లు మీద సీరియల్ నంబరు లెన్స్ మీదున్న దానితో కలుస్తోందా అన్నవి చూసుకోండి. వేరే దేశం నుంచి దొడ్డిదారిన వచ్చిన సరుకు చవగ్గా ఉంటుంది, రిపేరు వచ్చినప్పుడు మాత్రం కంపెనీ సర్వీస్ సెంటర్ చేతులు దులుపుకోవచ్చు. పైన చెప్పిన గోడ పరీక్ష కొత్త లెన్స్‌కూ చెయ్యండి, అది కూడా వాపసు గడువు లోపలే. కొత్తవాటిలోనూ డీసెంటరింగ్ ఉన్నవి వస్తుంటాయి.

హుడ్ ఎప్పుడూ తగిలించే ఉంచండి. యూవీ ఫిల్టర్ మాత్రం స్టేజీ ముందు తీసేయండి, లైట్లు ఫిల్టర్ మీదా సెన్సర్ మీదా ప్రతిఫలించి ఫ్రేములో ఆకుపచ్చ మచ్చలుగా తేలతాయి. ఎల్ఈడీ, ట్యూబ్‌లైట్ల కింద ఒక ఫొటో వెలుతురుగా, పక్కది చీకటిగా వస్తుంటే లెన్స్‌ను అనుమానించకండి. 50 హెర్ట్జ్ కరెంటు మీద లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, 60 హెర్ట్జ్ అయితే 120 సార్లు. కెమెరాలో యాంటీ-ఫ్లికర్ ఉంటే ఆన్ చెయ్యండి, చారలు వస్తుంటే ఎలక్ట్రానిక్ షట్టర్ మానేసి మెకానికల్ వాడండి. దీనికి కొత్త లెన్సేమీ అక్కర్లేదు, మెనూలో రెండు నొక్కులు చాలు.